గుడ్డ రెక్కల విమానం

మా తాత గుడియాత్తంలో గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో, 1967లో, ఒక పెళ్ళికని మద్రాసు పోయినప్పుడు, తెలిసినవారొకరు మమ్మల్ని మీనంబాక్కం తీసుకుపోయి ఒక పుష్పక్ విమానాన్ని దగ్గరగా చూపించారు. తాత దాని రెక్కమీద చెయ్యి వేసి, గోటితో మెల్లగా తట్టి, "ఒరే అబ్బాయ్, ఇది గుడ్డరా! గంజి బలంగా పట్టించినారు" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వవలసిన మాట కాదని తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది.

పుష్పక్ రెండు సీట్ల చిన్న విమానం. వి.ఎం. ఘాటగే ఆధ్వర్యంలో బెంగుళూరులో తయారై, 1958లో తొలిసారి ఎగిరింది. దాని ఒళ్ళూ రెక్కలూ గుడ్డ కప్పినవే. ఆ గుడ్డకు 'డోప్' అనే పూత పూస్తారు. పూత ఆరేకొద్దీ గుడ్డ ముడుచుకొని మద్దెల తోలులా బిగుస్తుంది. పడుగుకు గంజి పెట్టి కుంచెతో దువ్వినవాడికి ఆ బిగువు చేతికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

1903లో రైట్ సోదరులు ఎగిరించిన విమానానికీ రెక్కలు నూలు మస్లిన్ గుడ్డే. కుట్టుమిషను మీద తామే కుట్టుకున్నారు. పడుగూ పేకా చట్రానికి ఏటవాలుగా వచ్చేట్టు ఆ గుడ్డను పరిచారు. అందువల్ల నూలుపోగులే చట్రాన్ని అటూ ఇటూ ఒరిగిపోకుండా పట్టి ఉంచాయి. ఇది నేతగాడికి చెబితే వెంటనే అర్థమయ్యే సంగతి.

మనకు దగ్గరలో జరిగిన కథ ఇంకొకటి ఉంది. మద్రాసులో హోటలు నడిపిన జాకొమో డి ఏంజెలిస్ అనే కోర్సికా దేశస్థుడు తన సొంత ఊహతో ఒక విమానం గీసుకున్నాడు. 1840 నుంచి గుర్రపు బండ్లు చేస్తున్న సింప్సన్ కంపెనీ దాన్ని కట్టిపెట్టింది. 1910 మార్చిలో పల్లావరంలో అది ఎగిరింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో టపా మోసి ప్రసిద్ధి కెక్కిన విమానం ఓడలో వచ్చినది. ఇది మాత్రం ఇక్కడి కార్ఖానాలో పుట్టినది. ఆ కాలపు విమానమంటే కొయ్య, తీగె, గుడ్డ. అంటే వడ్రంగి, కమ్మరి, దర్జీ కలిసి చేసే పని. బండ్ల కార్ఖానాకు ఇందులో కొత్తది యంత్రం ఒక్కటే.

నేడు ఇంట్లో కట్టుకునే విమానాలు కిట్లుగా దొరుకుతున్నాయి. ముక్కలు కొలతకు కోసి పెట్టెల్లో పంపుతారు. అమెరికాలో ఇట్లాంటిది స్వహస్త నిర్మాణమనిపించుకోవాలంటే పనిలో సగానికి మించి ఔత్సాహికులే చెయ్యాలి. గుడ్డ రెక్కల రకాల్లో పాలియెస్టర్ గుడ్డను అతికించి, ఇస్త్రీపెట్టె వేడితో బిగించి, ఆపైన దారంతో రెక్క ఎముకలకు కుడతారు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే పైలట్ కిట్టు కూడా లేకుండా ముంబైలో మేడమీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో ప్రదర్శనకు పెట్టాడు. 2017లో గాని దానికి రిజిస్ట్రేషన్ దొరకలేదు.

ఇవన్నీ చదివాక నా మనసు మళ్ళీ పల్లావరానికే పోతుంది. ఆ కథ చెప్పేవారు డి ఏంజెలిస్ పేరు చెబుతారు, సింప్సన్ పేరు చెబుతారు. కొయ్య చెక్కినవాడి పేరూ, గుడ్డ బిగించినవాడి పేరూ ఎవరూ చెప్పరు. వాళ్ళ ఇళ్ళలో ఏ భాష మాట్లాడేవారో! పేరు రాసిపెట్టనివాడు చరిత్రలో కూలివాడుగానే మిగులుతాడు.

మా ఇంటి మగ్గం గుంట పూడ్చి ముప్పై ఏండ్లయింది. ఇప్పుడు దానిమీద టైల్సు పరిచి ఉన్నాయి. మొన్న మనవణ్ణి కూర్చోబెట్టి మా తాత పేరూ, ఆయన నేసిన రకాలూ, ఆ రోజు రెక్క తట్టి అన్న మాటా నోటుబుక్కులో రాయించాను. తమిళంలో చదువుకునే పిల్లవాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ రాయడానికి ఒక పూట పట్టింది. మీ ఇంట్లోనూ మగ్గమో, ఉలో, సుత్తో పట్టిన పెద్దలుండే ఉంటారు. ఆ పూట ఏదో మీరూ కేటాయించండి.