ఎవరీ రష్ లింబా? వరుసగా ఉద్యోగాలు పోయిన రేడియో జాకీ.. అమెరికా రైట్‌వింగ్ గొంతు ఎలా అయ్యారు?

2020 ఫిబ్రవరి 4.. అమెరికా పార్లమెంట్‌లో అధ్యక్షుడు ట్రంప్ ప్రసంగం నడుస్తోంది. ప్రసంగం మధ్యలో ట్రంప్ గ్యాలరీ వైపు చూపించారు. అక్కడ తెల్ల గడ్డంతో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నారు. పక్కనే ఉన్న మెలానియా ట్రంప్ ఆయన మెడలో 'ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్' వేశారు. దేశంలో సామాన్య పౌరులకు ఇచ్చే అత్యున్నత గౌరవాల్లో ఇదొకటి. రిపబ్లికన్లు లేచి చప్పట్లు కొడితే, డెమొక్రాట్లు చాలామంది కుర్చీల్లోంచి కదల్లేదు.

ఆ పెద్దాయనే రష్ లింబా. 30 ఏళ్లకు పైగా రేడియోలో మాట్లాడి, మాట్లాడి అమెరికా రాజకీయాల తీరునే మార్చేసిన హోస్ట్. అభిమానులకు ఆయనో హీరో. విమర్శకుల దృష్టిలో మాత్రం దేశాన్ని రెండు ముక్కలు చేసిన మనిషి. ఇంతకీ ఈయన ప్రయాణం ఎలా సాగింది?

లాయర్ల ఇంట్లో రేడియో పిచ్చి

లింబా 1951 జనవరి 12న మిస్సోరి రాష్ట్రంలోని కేప్ జిరార్డో అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇంటి నిండా లాయర్లే. కానీ ఆయనకు మాత్రం చిన్నప్పటి నుంచే రేడియో పిచ్చి. స్కూల్లో ఉండగానే లోకల్ స్టేషన్‌లో మైక్ పట్టుకున్నారు. కాలేజీలో చేరినా ఎక్కువ రోజులు ఉండలేదు. చదువు మధ్యలో వదిలేసి పాటలు వేసే డీజేగా పెన్సిల్వేనియా వెళ్లారు.

అక్కడ ఉద్యోగం పోయింది. ఇంకో చోట చేరితే అదీ పోయింది. 1979లో రేడియోనే వదిలేసి, కాన్సాస్ సిటీ రాయల్స్ అనే బేస్‌బాల్ టీమ్ ఆఫీసులో చేరారు. మళ్లీ రేడియోకి వచ్చాక కాన్సాస్ సిటీలో ఓ స్టేషన్ కూడా ఆయన్ను తీసేసింది. 1984లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కేఎఫ్‌బీకే స్టేషన్ ఛాన్స్ ఇచ్చింది. ఆ ఊళ్లో ఆయన షో సూపర్ హిట్.

ఒక రూల్ పోయింది.. దారి తెరుచుకుంది

అసలు కథ 1987లో మొదలైంది. అప్పటిదాకా అమెరికాలో 'ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్' అనే రూల్ ఉండేది. 1949 నుంచి అమల్లో ఉన్న ఈ రూల్ ప్రకారం.. వివాదం ఉన్న విషయంపై రేడియో, టీవీ స్టేషన్లు ఒక పక్షం మాటే వినిపిస్తే కుదరదు. అవతలి పక్షానికీ అవకాశం ఇవ్వాలి. 1987లో ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దీన్ని ఎత్తేసింది. దీన్ని చట్టంగా మార్చాలని పార్లమెంట్ ముందే బిల్లు పాస్ చేసినా, అధ్యక్షుడు రీగన్ వీటో చేశారు.

ఇంకో కారణం కూడా కలిసొచ్చింది. పాటలు వినేవాళ్లంతా క్వాలిటీ బాగుండే ఎఫ్‌ఎంకి వెళ్లిపోయారు. ఏఎం స్టేషన్లకు వినేవాళ్లు కావాలి. ఏబీసీ రేడియో మాజీ బాస్ ఎడ్ మెక్‌లాఫ్లిన్ ఇది గమనించి లింబాను న్యూయార్క్ తీసుకెళ్లారు. 1988 ఆగస్టు 1న 56 స్టేషన్లలో నేషనల్ షో మొదలైంది. స్టేషన్లకు షో ఫ్రీ.. బదులుగా కొంత యాడ్ టైమ్ ఇస్తే చాలు. తర్వాత ఆ సంఖ్య 600 దాటింది.

గెస్టులు లేరు.. డిబేట్ లేదు

రోజుకు 3 గంటలు, ఒక్కరే మాట్లాడటం. గెస్టులు చాలా అరుదు. మధ్యలో పేరడీ పాటలు, జోకులు, వెటకారం. మెయిన్ మీడియాలో తమ మాట ఎవరూ మాట్లాడటం లేదనుకునే కన్జర్వేటివ్ జనానికి ఇది తెగ నచ్చేసింది. ఫోన్ చేసినవాళ్లు ఆయన్ను మెచ్చుకోవడానికి 'డిట్టో' అంటే చాలు. అలా అభిమానులకు 'డిట్టోహెడ్స్' అనే పేరే వచ్చేసింది.

1992లో టీవీ షో కూడా మొదలైంది. దీని ప్రొడ్యూసర్ రోజర్ ఐల్స్. టీవీ షో 1996లో ఆగిపోయింది. అదే ఏడాది ఐల్స్ సారథ్యంలో ఫాక్స్ న్యూస్ మొదలైంది. 1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ గెలిచినప్పుడు, కొత్తగా గెలిచిన సభ్యులు లింబాను తమ 'గౌరవ సభ్యుడి'గా ప్రకటించారు. 2008లో కుదిరిన కాంట్రాక్ట్ విలువ దాదాపు 40 కోట్ల డాలర్లు!

చెవులు పోయినా మైక్ వదల్లేదు

2001లో ఆయనకు వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. కాలర్ల మాటలు స్క్రీన్ మీద చదువుకుంటూ షో నడిపారు. తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నారు.

2003లో వరుస దెబ్బలు తగిలాయి. నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు డొనోవన్ మెక్‌నాబ్‌ను మీడియా అతిగా పొగుడుతోందన్న కామెంట్‌పై దుమారం రేగడంతో ఈఎస్‌పీఎన్ నుంచి తప్పుకున్నారు. కొన్ని రోజులకే పెయిన్ కిల్లర్లకు బానిసయ్యానని షోలోనే ఒప్పుకున్నారు. డ్రగ్స్ వాడేవాళ్లను జైల్లో పెట్టాలని ఒకప్పుడు వాదించింది కూడా ఈయనే.

ఆ జోకులు ఎవరి మీద?

లింబాపై అసలు విమర్శ ఇక్కడే. ఎయిడ్స్‌తో చనిపోతున్న గే పురుషులపై ఓ సెగ్మెంట్‌లో ఎగతాళి చేశారు. 2006లో పార్కిన్సన్స్ జబ్బుతో వణుకుతున్న నటుడు మైకేల్ జె. ఫాక్స్‌ది నటన కావచ్చన్నారు. 2012లో గర్భనిరోధక మాత్రలకు ఇన్సూరెన్స్ కావాలని మాట్లాడిన ఓ లా స్టూడెంట్‌ను బూతుమాట అన్నారు. యాడ్స్ ఇచ్చే కంపెనీలు వెళ్లిపోతుంటే క్షమాపణ చెప్పారు.

వీళ్లెవరూ ఆ స్టూడియోలో లేరు. పాత రూల్ ఉన్నా అన్నిటికీ జవాబు దొరికేదని చెప్పలేం. కానీ అవతలి పక్షం మాట కూడా వినిపించాలన్న బాధ్యత మాత్రం స్టేషన్లపై లేకుండా పోయింది. అభిమానుల వాదన వేరు.. మిగతా మీడియా అంతా అవతలి పక్షమే, మా ఒక్క షోకి బ్యాలెన్స్ ఎందుకని!

చివరి రోజులు

సిగార్ ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. 2020 ఫిబ్రవరి 3న లంగ్ క్యాన్సర్ ముదిరిందని షోలో చెప్పారు. ఆ మర్నాడే మెడల్ అందుకున్నారు. 2021 ఫిబ్రవరి 17న, 70 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ వార్తను ఆయన భార్య ఆయన షోలోనే ప్రకటించారు.

ఆయన వెళ్లిపోయినా ఫార్ములా మిగిలింది. ఒకే హోస్ట్, ఒకే పక్షం, 'మనం-వాళ్లు' అనే లెక్క. ఇప్పుడది రేడియో దాటి టీవీ, పాడ్‌కాస్ట్, యూట్యూబ్ దాకా వచ్చేసింది. ఫోన్‌లో ఇలాంటి షో ఏది చూస్తున్నా ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.. ఇందులో తిట్లు తింటున్నవాళ్లకు మాట్లాడే ఛాన్స్ ఎవరైనా ఇచ్చారా?