కొండ ఎక్కేవాడి కాగితాలు

కంపెనీల తరఫున వలస చట్టం చూసే లాయరు చేసే పని ఒక్కటే. బయటివాడికి లోపల ఉండే హక్కుందని కాగితాలతో నమ్మించడం. అరకులో అలాంటి లాయరుకు పనేముంటుందని అనిపిస్తుంది. విశాఖలో కిరండూల్ రైలెక్కి, సొరంగాలు దాటుకుంటూ బొర్రా మీదుగా అరకులో దిగితే ఎవరూ ఏమీ అడగరు. ఈశాన్యంలో 1873 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించాలి, ఇక్కడ అదీ లేదు. అయినా తూర్పు కనుమల ఏజెన్సీకి వందేళ్లకు పైగా ఒక వలస చట్టం ఉందనే నా వాదన. అది రైలు దిగే మనిషిని ఆపదు. ఆ మనిషి కాలూనే నేల దగ్గర అడ్డుపడుతుంది.

1839 చట్టం గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా వచ్చిందే. అది దొరలు తమ పాలనా సౌకర్యం కోసం గీసుకున్న గీత, గిరిజనుడి మీద ప్రేమతో గీసింది కాదు. ఆ గీత దాటి పైకెక్కిన షావుకార్లూ, సారా అమ్మే సొండివాళ్లూ సంతలో ఉప్పుకో బట్టకో అప్పిచ్చి, వడ్డీ కింద పంటనూ చివరికి భూమినీ రాయించుకున్నారు. కిందికి దిగే కూలీ కథ వేరు. ఈ జిల్లాల నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లేవాళ్ల కోసం 1901లో ఏకంగా ఒక వలస చట్టమే వచ్చింది. తోటలో కుదిరేటప్పుడు వేలిముద్ర వేసిన ఒప్పందాన్ని మీరితే నేరం కింద శిక్ష పడేది. పోయేవాణ్ణి కాగితం కట్టేసింది కానీ, వచ్చేవాణ్ణి మాత్రం చాలాకాలం ఏ కాగితమూ అడగలేదు. ఆ లోటు 1917లో కొంత తీరింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాడు ఇతరులకు చేసిన భూమి బదిలీ చెల్లదని మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతున్న రోజుల్లో, 1970లో, దాన్ని బిగించారు. జనం నోట నానే ‘1/70’ అదే.

ఇది భూమి చట్టమే గానీ వలస చట్టమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. 1/70లోని ఒక చిన్న నిబంధన చూస్తే సమాధానం దొరుకుతుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి అతనికో అతని ముందువాళ్లకో గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని, కాదని రుజువయ్యేదాకా, చట్టం అనుకుంటుంది. రుజువు భారం వచ్చినవాడిదే. అమెరికా కాన్సులేట్ కిటికీ ముందు నిలబడ్డ తెలుగు కుర్రాడికీ ఇదే లెక్క. వీడు తిరిగి రాడని ముందే అనుకుంటారు, వస్తానని చూపించుకోవలసింది వాడే. రాజ్యాంగం కూడా భూమినీ వలసనూ విడదీసి చూడలేదు. తిరిగే స్వేచ్ఛ, నివసించే స్వేచ్ఛల మీద షెడ్యూల్డ్ తెగల మేలు కోసం ఆంక్షలు పెట్టవచ్చన్న 19(5) క్లాజులో, 44వ సవరణ దాకా ఆస్తి హక్కు కూడా వాటి పక్కనే ఉండేది. తరాల క్రితమే కొండెక్కి, పాత కాగితం ఒక్కటీ చూపలేని పేద గిరిజనేతర రైతుకు ఇది కఠినమేనని ఒప్పుకోవాలి. సుప్రీంకోర్టు 1988లో చట్టాన్ని సమర్థించినంత మాత్రాన ఆ బాధ తీరలేదు. డబ్బున్నవాడికి అంత ఇబ్బంది లేదు. గిరిజనుడి పేరు మీద బినామీ రాయించుకుంటే సరిపోయింది.

మనిషి సంగతి సరే, కంపెనీ వలస వస్తే? అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. రెగ్యులేషన్‌లో ‘వ్యక్తి’ అంటే మనుషులేనని, ప్రభుత్వం తన భూమిని తాను లీజుకిస్తే గిరిజనుడికి పోయేదేమీ లేదని అవతలి వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ దాన్ని ఒప్పుకుంటే, షావుకారుకు మూసిన తలుపు సర్కారు చేతి మీదుగా కంపెనీకి తెరుచుకుంటుంది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ప్రభుత్వం కూడా ‘వ్యక్తే’నని, గిరిజనేతర కంపెనీకిచ్చిన లీజు చెల్లదని తేల్చారు. ప్రభుత్వ రంగ ఖనిజాభివృద్ధి సంస్థకూ, గిరిజనుల సహకార సంఘాలకూ మాత్రం వీలు ఉంచారు.

లాయర్ల తెలివి ఆ వీలు దగ్గరే పనిచేసింది. 2005లో జిందాల్‌తో, 2007లో యుఏఈలోని రస్ అల్ ఖైమా ఎమిరేట్‌తో ఒప్పందాలు కుదిరాయి. బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ సంస్థ, కొండ కింద కొనుక్కునేది కంపెనీ. కాగితం మీద ఎవరూ కొండెక్కలేదు! మాకవరపాలెంలో రిఫైనరీ లేచింది. కొండ మీద జనం అడ్డు నిలబడ్డారు, 2015లో తవ్వకాలకు దారి తీసే జీవో 97 వచ్చినప్పుడూ ఊరుకోలేదు. కొండ మీది ఖనిజం దిగిరాక ఆ రిఫైనరీ ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండిపోయింది.

నేల దగ్గర ఇంత గట్టిగా నిలిచిన గేటు ఉద్యోగం దగ్గర నిలవలేదు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదన్నది కారణం. అందుకే ఇప్పుడు పాడేరులోనో అరకులోనో టీచరు ఉద్యోగానికి మైదానపు అభ్యర్థి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉద్యోగమొచ్చి, ఊరు నచ్చి, అక్కడే ఇల్లు కట్టుకుందామంటే మాత్రం సెంటు స్థలం కొనలేడు.