నల్లమల, నడిగడ్డల్లో పరిశోధన

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు తెలంగాణకు దక్షిణపు కొసన కృష్ణా, తుంగభద్రల ఒడ్డున ఉన్నాయి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడ్డ ఈ మూడింటిలో పడమటి భాగం నడిగడ్డ. తూర్పున నల్లమల అడవి, దాని మీద అమ్రాబాదు పీఠభూమి. అడవి, ఆదివాసుల బతుకు, పాట, ఆట మీద ఈ నేలలో ఎనభై ఏళ్లకు పైగా అధ్యయనాలు సాగుతున్నాయి. అడవిని అటవీశాఖ, అక్కడి ఆదివాసులైన చెంచులను మానవశాస్త్రం, కిన్నెర వాద్యాన్ని జానపద శాఖ, ఆటను వ్యాయామ విద్య పంచుకున్నాయి. ఊళ్లోకి వెళ్లి చూస్తే ఇవన్నీ ఒకే మనిషి బతుకులో ఉంటాయి. ఈ సంగతిని పట్టించుకున్న పరిశోధనలే ఇక్కడ కాలానికి నిలిచాయి.

సురవరం ప్రతాపరెడ్డి

శాఖల గోడలు లేకుండా రాసిన మొదటివాడు నడిగడ్డ మనిషే. సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) స్వగ్రామం ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచాడు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న మొదటి పుస్తకం అదే, అప్పటికి ఆయన లేడు.

రాజుల వరసను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ దేవరలను కొలిచారు, తీరిక దొరికితే ఏ ఆట ఆడారు అని అడిగిన గ్రంథమది. పాల్కురికి సోమనాథుని కావ్యాలనూ క్రీడాభిరామాన్నీ ఆయన అలంకారాల కోసం చదవలేదు. వాటిలో దొరికే ఆటల పేర్లు, పందేలు, వినోదాలు, వంటలు ఏరుకున్నాడు. క్రీడలను చరిత్రకు ఆధారంగా తెలుగులో అంత గట్టిగా వాడినవారు అంతకుముందు అరుదు. ఇప్పుడు క్రీడా సామాజికశాస్త్రం అని విశ్వవిద్యాలయాల్లో వేరే పాఠంగా చెబుతున్నదాన్ని ఆయన ఆ పేరు లేకుండానే చేశాడు.

హైమెన్‌డార్ఫ్, చెంచులు

నల్లమల చెంచుల మీద మొదటి సమగ్ర గ్రంథం రావడం వెనుక రెండో ప్రపంచయుద్ధం ఉంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ (1909–1995) 1939లో భారతదేశంలో ఉండగా యుద్ధం మొదలైంది. అతని దగ్గరున్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయుడిగా లెక్కగట్టి, కదలికలను హైదరాబాదు సంస్థానానికి పరిమితం చేసింది. అతను 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాదు పీఠభూమికి వెళ్లి పెంటలు అనే చెంచుగూడేల్లో ఉన్నాడు. ది చెంచూస్ అనే పుస్తకం 1943లో వెలువడింది. హైదరాబాదు సంస్థాన ఆదివాసుల మీద అతను తెచ్చిన వరసలో అదే మొదటి సంపుటం. తర్వాతి రెండూ కొండరెడ్లు, రాజగోండుల మీద.

ఆ పుస్తకం విలువంతా దగ్గరి చూపులో ఉంది. గడ్డలు తవ్వే ఇనుపమొన కర్ర, గడ్డి కప్పిన గుండ్రటి గుడిసెలు, ఏ పెంటవాళ్లు ఏ అడవి మేర దుంపలు, తేనె సేకరించుకోవాలన్న కట్టుబాటు, వేటకు ముందు మొక్కే గారెల మైసమ్మ, అన్నీ అందులో నమోదయ్యాయి. లోపమూ ఉంది. పైపీఠభూమి చెంచులను మైదానం సోకని ఆదిమ సమాజంగా చూడాలన్న తపన అందులో కనిపిస్తుంది. వాళ్లకు సంతలతో, షావుకార్లతో, శ్రీశైలం యాత్రికులతో తరతరాల లావాదేవీలున్నాయి. ఆ సంబంధాలను పుస్తకం ఎత్తిచూపినా, ముందుకు వచ్చేది మాత్రం అడవిలో ఒంటరిగా బతికే జాతి బొమ్మే. తర్వాత ఎన్నో ప్రభుత్వ నివేదికలు ఆ బొమ్మనే పట్టుకుని నడిచాయి.

హైమెన్‌డార్ఫ్ రాసి ఊరుకున్నవాడు మాత్రం కాదు. అతని సూచన మీదనే నిజాం ప్రభుత్వం 1940లలో పైపీఠభూమిలో చెంచులకు రిజర్వు ఏర్పాటు చేసింది. స్వాతంత్ర్యం తర్వాత 1975లో చెంచులను ఆదిమ గిరిజన తెగల జాబితాలో చేర్చారు, ఆ వర్గాన్నే ఇప్పుడు ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాలు అంటున్నారు. వారి కోసం శ్రీశైలం కేంద్రంగా నడిచిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలో తెలంగాణ భాగం, రాష్ట్ర విభజన తర్వాత నల్లమలలోని మన్ననూరుకు వచ్చింది. హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థ భద్రపరిచిన నిధిలో ఉన్నాయి. అప్పాపూరు, మల్లాపూరు పెంటల పిల్లలు తమ తాతలను చూసుకోవాలంటే ఆ బొమ్మల ప్రతులు మన్ననూరులోనూ ఉండి తీరాలి.

రక్తంలో చరిత్ర

చెంచుల మీద రెండో దఫా పరిశోధన ప్రయోగశాలల్లో జరిగింది. 2003లో జన్యుశాస్త్రవేత్త కివిసిల్డ్ బృందం చెంచులు, కోయల జన్యువులను పరిశీలించి, భారతదేశపు గిరిజనులు, కులాలవారు ఎక్కువ పాలు ఒకే ప్రాచీన వారసత్వం నుంచి వచ్చారని చెప్పింది. 2009లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు, హార్వర్డ్ బృందం కలిసి దేశంలోని 25 సమూహాల మీద చేసిన అధ్యయనంలోనూ చెంచుల నమూనాలున్నాయి. కులం పుట్టుక మీద, ద్రవిడ, ఆర్య వాదాల మీద నేడు సాగే చర్చల్లో ఈ రెండు వ్యాసాలూ పదేపదే వస్తాయి. ఇంత పెద్ద వాదానికి ఆధారం నల్లమల మనుషుల కొద్దిపాటి రక్తం. దాని ఫలితం వారి భాషలో వారికి చేరడం పరిశోధన నైతికతలో మొదటి అంశం కావాలి.

అడవి శాస్త్రం

నాగార్జునసాగర్, శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. 3,568 చదరపు కిలోమీటర్ల ఆ అడవి దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంగా పేరు పొందింది. 2014 రాష్ట్ర విభజనతో తెలంగాణ వైపు మిగిలిందే అమ్రాబాదు పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 కోర్ ప్రాంతం.

మొక్కల మీద పునాది గ్రంథం భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించిన ఎల్లిస్ ఫ్లోరా ఆఫ్ నల్లమలైస్. నల్లమద్ది, చిరుమాను, టేకు, వెదురు నిండిన ఈ పొడి ఆకురాల్చు అడవిలో ఇక్కడ తప్ప మరెక్కడా దాదాపు కనబడని మొక్కలున్నాయని ఆ రెండు సంపుటాలు చూపాయి. జంతువుల అధ్యయనం మాత్రం ఆలస్యంగా ఊపందుకుంది. నక్సలైట్ ఉద్యమకాలంలో అడవి లోపలికి వెళ్లి పనిచేయడమే కష్టమైంది. పరిస్థితి సద్దుమణిగాకే కెమెరా ఉచ్చులతో, చారల పోలికతో పులులను లెక్కించే పద్ధతి ఇక్కడ కుదురుకుంది. కెమెరా ఏ చెలమ దగ్గర, ఏ బాట మలుపులో కట్టాలో చెప్పేది అటవీశాఖలోని చెంచు వాచర్లే. శాస్త్రీయ వ్యాసాల్లో వాళ్ల పేర్లు చివర కృతజ్ఞతల్లో, అదీ అప్పుడప్పుడు.

తపసి బంక కథ ఈ విషయంలో మెరుగైనది. తపసి చెట్టు బెరడును గొడ్డలితో లోతుగా నరికి బంక తీసే అలవాటు వల్ల చెట్లు ఎండిపోయేవి. బంక కొనే గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ కలిసి, చిన్న పనిముట్టుతో పైపై బెరడు మాత్రమే గీసే పద్ధతిని సేకరణదారులకు నేర్పాయి. చెట్టు బతికింది, బంక శుభ్రంగా వచ్చి ధరా పెరిగింది. అడవిని కాపాడటానికి అడవి మీద బతికేవాణ్ని బయటకు పంపాల్సిన పనిలేదని చూపిన ప్రయోగమిది.

బయటకు పంపే ఆలోచన అయినా ఆగలేదు. కోర్‌లోని సార్లపల్లి, కుడిచింతలబయలు, వటవర్లపల్లి వంటి ఊళ్ల తరలింపు మీద ఏళ్లుగా చర్చ నడుస్తోంది. కేంద్రం ప్యాకేజీని 2021లో కుటుంబానికి 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం ఊరి సమ్మతి లేకుండా తరలించకూడదు. సమ్మతి ఎలా తీసుకున్నారు, వెళ్లినవాళ్లు అయిదేళ్ల తర్వాత ఏం తిని బతుకుతున్నారు అన్నవే ఇక్కడ పరిశోధకులు అడగాల్సిన ప్రశ్నలు.

2019లో మరో ప్రమాదం వచ్చింది. అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం మే నెలలో సూత్రప్రాయంగా సరేనంది. చెంచులు, మైదానపు రైతులు, రచయితలు, విద్యార్థులు కలిసి లేచారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. బోర్లు లోతుకు దింపితే అడవిలోని నీటి ఊటలకూ కింద కృష్ణకూ ఏమవుతుందన్న శాస్త్రీయ వాదన ఈ ఉద్యమంలో జనం నోటికి ఎక్కింది.

ముంపు నుంచి లేచిన చదువు

1981లో శ్రీశైలం జలాశయం కోసం కృష్ణా తీరపు ఊళ్లను ఖాళీ చేయించారు. లక్ష మందికి పైగా నిర్వాసితులయ్యారు. నిర్వాసితుల గోడును నమోదు చేస్తూ 1986లో వెలువడిన నివేదిక, దేశంలో పునరావాస అధ్యయనాలకు తొలినాటి ఆధారాల్లో ఒకటి. అదే కాలంలో పురావస్తు శాఖలు గుళ్లను తరలించాయి. కృష్ణా తుంగభద్రల సంగమంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. జటప్రోలు, సోమశిల గుళ్లూ ఎత్తు మీదికి వచ్చాయి. గుడికి జరిగినంత జాగ్రత్తగా ఊరికి జరగలేదన్నది నడిగడ్డ, కొల్లాపూర్ ప్రాంతాల్లో నేటికీ వినిపించే మాట. నిర్వాసితుల నివేదికనూ గుళ్ల తరలింపు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ మాటలో నిజం తెలుస్తుంది.

ఈ ప్రాంతపు స్థలచరిత్రకు కపిలవాయి లింగమూర్తి (1928–2018) ఒక్కడే ఒక సంస్థ పని చేశాడు. బల్మూరు మండలం జినుకుంటలో పుట్టి, పాలెం ప్రాచ్య కళాశాలలో పాఠం చెప్పి, నాగర్‌కర్నూల్‌లో స్థిరపడి, గుళ్లు, క్షేత్రాలు, శాసనాలు, ఊరి కథల మీద పదుల కొద్దీ పుస్తకాలు రాశాడు. ఊరూరా తిరిగి సేకరించిన ఆ సమాచారం లేకుండా పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం) మీద ఏ సిద్ధాంత గ్రంథమూ ముందుకు కదలదు.

అదే పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలు, మెట్ట కందులు వచ్చాయి. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్యకళాశాల ఉంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయానికి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి.

కిన్నెర

లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర దేశమంతటికీ తెలిసింది. అంతకు చాలా ముందే ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ ఊళ్లు తిరిగి ఇలాంటి వాద్యాలను, వాటిని వాయించే డక్కలి కళాకారులను వెలుగులోకి తెచ్చారు. వనపర్తి జిల్లా పానుగల్లుకు చెందిన మియాసాబు, పండుగ సాయన్న వంటి జానపద వీరుల కథలు ఈ వాద్యం మీదనే బతికాయి.

కిన్నెరను చేతిలోకి తీసుకుని చూస్తే అడవి కనిపిస్తుంది. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు. పాతకాలపు కిన్నెరలో మెట్లకు అలుగు పొలుసులు, వాటిని అతికించడానికి తేనెమైనం, తీగలకు జంతువుల నరాలు వాడేవారని చెబుతారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అలుగుకు ఇప్పుడు గట్టి రక్షణ ఉంది, అది అవసరం కూడా. పొలుసు పోయాక స్వరంలో ఏ తేడా వచ్చిందో వాద్యశాస్త్రం వింటే, పాత మెట్లలో ఏ అడవి జీవులున్నాయో జీవశాస్త్రం చూస్తే ఈ వాద్యం మీద సగం పని పూర్తవుతుంది.

ఆట మీద

అడవి, పాట, ఆట, ఈ మూడింటిలో అందరూ చిన్నచూపు చూసింది ఆటనే. గద్వాల ప్రాంతపు జాతరల్లో ఎడ్ల బండలాగుడు లేకపోతే జనానికి తృప్తి ఉండదు. పళ్ల సంఖ్యను బట్టి ఎడ్లను జతలుగా విడదీస్తారు. ఇచ్చిన సమయంలో బండను ఎంత దూరం లాగాయన్నదే గెలుపు. ఒంగోలు జాతి ఎడ్లను ట్రాక్టర్ల కాలంలోనూ మేపి నిలుపుతున్నది ఈ పోటీలే అని రైతులంటారు, జంతుహింస అని వ్యతిరేకులంటారు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్ల పందేలనూ నిషేధించింది. 2023లో వాటిని అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను సమర్థించింది. ఎద్దు గుండె వేగం, గిట్టల గాయాలు, మేపు ఖర్చు కొలిచి చెప్పే పశువైద్య అధ్యయనం ఈ వాదానికి ఎంతో మేలు చేస్తుంది.

చెంచు విల్లుదీ ఇలాంటి చిక్కే. వేటలో పడితే అది నేరం, మైదానంలో పడితే విలువిద్య. రాజస్థాన్ ఆదివాసి లింబారాం 1987లో క్రీడా ప్రాధికార సంస్థ అన్వేషణలో దొరికి, మరుసటి ఏడాదే ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మన్ననూరు చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లోనూ అలాంటి అన్వేషణ చేపట్టదగ్గదే. అయితే పోటీ విల్లు వేరు, వెదురు విల్లు వేరు. చెంచు గురి, ఊపిరి బిగపట్టే తీరు, అడుగు చప్పుడు కాకుండా నడిచే నేర్పు ఏ శిక్షణ పుస్తకంలోనూ లేవు. ముందు వాటిని రాసుకోవాలి.

తేనె తీయడాన్నీ శరీర విద్యగానే చూడాలి. కొండచరియకు కట్టిన తాడు మీద వేలాడుతూ, పొగ పెట్టి, పెద్దతేనె పట్టును కోస్తాడు చెంచు. పైన తాడు పట్టుకునేది బామ్మర్ది. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయి కాబట్టి తాడు వదలడని చెప్పుకుంటారు. బలం, నేర్పు, బంధుత్వం, తేనెటీగల రుతువు ఒక్క తాడు మీద ఉన్న ఈ పనిని ఏ ఒక్క శాఖా పూర్తిగా చూడలేదు.

సలేశ్వరం

చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలోని సలేశ్వరంలో లింగమయ్య జాతర జరుగుతుంది. వాహనాలు ఆగిన చోటి నుంచి రాళ్ల బాటలో లోయలోకి దిగి, జలపాతం కింది గుహలో దేవుణ్ని చూసి ఎక్కి రావాలి. పూజారులు చెంచులు. ఎండాకాలం నడిమధ్య, కోర్ అడవిలో, కొద్ది రోజుల్లోనే పెద్ద సంఖ్యలో జనం వచ్చిపోతారు. అటవీశాఖ ఆ రోజులకే అనుమతి ఇస్తుంది, ప్లాస్టిక్ మీద నిఘా పెడుతుంది. నీళ్లకు వచ్చే జంతువులు ఆ వారం ఎటు మళ్లుతున్నాయి, నిప్పు ఎక్కడ రేగుతోంది, ఎండలో నిటారు బాట ఎక్కే యాత్రికుల ఒంటికి ఏమవుతోంది, హుండీ మీద, పూజ మీద చెంచుల హక్కు ఎంత, ఈ నాలుగూ ఒకే బాట మీద, ఒకే వారంలో కొలవదగ్గ విషయాలు. అందుకు కెమెరా, థర్మామీటరు, నోటుపుస్తకం పట్టుకున్న నలుగురు, వాళ్లకు ముందు నడిచే ఒక చెంచు పెద్ద చాలు.