గోదావరి మన్యంలో భూమి పండుగ, మామిడి కొత్త

రాజమహేంద్రవరానికి ఎగువన, పాపికొండల నడుమ గోదావరికి ఇరువైపులా విస్తరించిన మన్య ప్రాంతం కొండరెడ్లు, కోయలు తదితర గిరిజనులకు ఆవాసం. నేల, అడవి, పంటలే వీరి పండుగలకు ఆధారం. కాయ ముదరడం, తొలకరి సమీపించడం వంటి ప్రకృతి సంకేతాలను బట్టి గ్రామపెద్దలు, పూజారి కలిసి పండుగ రోజును నిర్ణయిస్తారు.

వేసవి చివర జరిగే భూమి పండుగ వ్యవసాయానికి నాంది. కోయలు దీనిని విత్తనాల పండుగగా పాటిస్తారు. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలను భూదేవి ముందుంచి పూజించి, పిదప పొలాలకు తీసుకువెళతారు. పురుషులు వేటకు వెళ్లడం, స్త్రీలు దారికి అడ్డంగా నిలిచి బాటసారుల నుంచి పండుగ కానుక అడగడం ఆచారం. డోలు వాద్యాలతో రేల పాటలు, కొమ్ము నృత్యం పండుగకు శోభనిస్తాయి.

కొత్త పండుగలది మరో విశేషం. మామిడి, చిక్కుడు, ధాన్యం ఏదైనా తొలిఫలం దేవతకు నివేదించిన తరువాతే భుజించాలి. అంతవరకు ఎవరూ కోయరాదు. ఈ కట్టుబాటు వలన లేతకాయలు వృథా కాక, గింజ పూర్తిగా ముదురుతుంది. కొండరెడ్లు మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, నానబెట్టి వగరు తీసి, పిండితో అంబలి కాచుకుని వానాకాలపు కొరత రోజులు గడిపేవారు. భక్తితో పాటించిన నియమమే ఆహార భద్రతగా పరిణమించింది.

ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో ఈ కొండరెడ్ల జీవనాన్ని సవివరంగా నమోదు చేశారు. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా దేవీపట్నం, పోలవరం మండలాలలోని పలు గ్రామాలు పునరావాస కాలనీలకు తరలాయి. ఇంటికి బదులు ఇల్లు, భూమికి బదులు భూమి లభించినా, దేవత కొలువైన చెట్టును, తరతరాలుగా కాయలు ఏరుకున్న అడవిని వెంట తీసుకువెళ్లడం సాధ్యం కాదు. మామిడి తోపులు లేనిచోట మామిడి కొత్తకు అర్థం తగ్గిపోతుంది.

అటవీ హక్కుల చట్టం, 2006 గిరిజనుల సాముదాయిక అటవీ హక్కులను, సంప్రదాయ విజ్ఞానాన్ని గుర్తించింది. అడవితో అనుబంధం నిలిచినంత కాలమే ఈ పండుగలు సజీవంగా ఉంటాయి. పండుగల పరిరక్షణకు పాటలు, నృత్యాల ప్రదర్శన మాత్రమే చాలదు. వాటికి మూలమైన నేల, చెట్టు, విత్తనం కూడా గిరిజనులకు అందుబాటులో ఉండవలసిన అవసరం ఉంది.