మీట తుపాకి – కాలనిర్ణయము

నెల్లూరు సముద్రతీరమునందలి దుగరాజపట్టణమున నాంగ్లవర్తకులు 1626 నాటికి స్థావరమేర్పఱచుకొని, 1640లో చెన్నపట్టణమునకు తరలిపోయిరి. కావున నీ తీరమున ప్రాచీనమగు తుపాకి యేది కానవచ్చినను కుంపిణీవారిదని తలంచుట సులభము. కాని యీ విషయమున ఆయుధమే ప్రథమసాక్షి.

దుగరాజపట్టణపు కాలమున చేతితుపాకులకు మందును గుండును నాళముఖము నుండియే కూరెడివారు. మీటను క్రిందికి లాగినంతనే వెనుక తెరచుకొని లోహపు తూటాను గ్రహించు మార్టినీ-హెన్రీ తుపాకిని బ్రిటిషు సైన్యము 1871లో స్వీకరించెను. కుంపిణీ పాలనము 1858లోనే ముగిసినది గనుక నిట్టి తుపాకి కుంపిణీవారిది కానేరదు.

మీట యున్నంతమాత్రమున నది మార్టినీయే యనరాదు. అమెరికాదేశపు 1873 నాటి వించెస్టరు తుపాకికిని మీట గలదు. కాని దాని నాళము క్రింద పెక్కు తూటాలు పట్టు గొట్టము గలదు. మార్టినీయం దొక్కసారి కొక్క తూటాయే యుంచవలెను.

తూటా పేరును భ్రమ గొలుపును. మార్టినీ తూటాను 577/450 అందురు. ఇందు 450 అనునది నాళరంధ్రపు కొలత, అంగుళమును వేయి భాగములు చేయగా నన్ని భాగములు; 577 అనునది పూర్వపు స్నైడరు తుపాకి రంధ్రపు కొలత. ఈ తూటా సీసావలె మెడ సన్నమైనది. గుండు 480 గ్రెయినులు, మందు 85 గ్రెయినులు. వించెస్టరు 44-40 తూటా గుండు 200, మందు 40 గ్రెయినులు మాత్రమే.

తుపాకి ప్రక్కను చెక్కిన సంవత్సరము దాని నిర్మాణకాలమును దెలుపును; అది యీ తీరమును చేరిన కాలమును దెలుపదు. ఈ రెంటిని వేఱుగ నెంచుటయే చరిత్రకారుని ధర్మము.