నాణెం మీది గుడి, గోడ మీది చేరి

తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండాయని భారత ప్రభుత్వం 2010 సంవత్సరం వేసి వెయ్యి రూపాయల వెండి నాణెం తెచ్చింది. మొదటి రాజరాజ చోళుడు 1010లో ముగించిన గుడి అది. నాణెం మీద గుడి బొమ్మ పట్టింది గానీ, గుడి గోడల మీది రాతలు పట్టలేదు. ఆ రాతలనే మేమిక్కడ చదవదల్చుకున్నాం.

రాజరాజు గుడికి ఊళ్లు రాసిచ్చాడు. ఏ ఊరు ఏటా ఎన్ని కలాల వడ్లు కొలవాలో గోడలకెక్కించాడు. పన్ను పడని జాగాలూ చెక్కించాడు: ఇళ్లస్థలం, గుళ్లు, చెరువులు, కాలువలు, శ్మశానం. వాటి నడుమే పరైచ్చేరి, తీండాచ్చేరి. 'తీండా' అంటే అంటరాని. మన వెలివాడే అది. అంటరానితనం తెల్లదొరల లెక్కల్లో పుట్టిందనే పండితులు ఈ గోడకేం జవాబు చెప్తారు?

గుడిలో ఆడే 400 మంది స్త్రీల పేర్లు అవే గోడల మీదున్నాయి. చాకలికీ, మంగలికీ వాటాలు రాశారు. పన్ను లెక్కలో చేరి మాత్రం మనుషులుగా కాక, ఒట్టి జాగాగా కనబడుతుంది. ఆ వడ్లు పండించిన చేతులెవరివో లెక్కకు రాలేదు.

గుడి తలుపులు దళితులకు తెరవడానికి 1939, 1947 మద్రాసు చట్టాలు కావలసొచ్చాయి. చేరి మాత్రం చేరిగానే మిగిలింది. 1968 డిసెంబరు 25 రాత్రి, అప్పటి తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో, కూలి పెంచమన్న పోరులో, గుడిసెలో దాక్కున్న 44 మందిని తగలబెట్టారు.

గుడి జాతి వారసత్వమే అయితే తీండాచ్చేరి ఎవరి వారసత్వం? రెండూ ఒకే గోడ మీదున్నాయి. రెంటినీ కలిపి చదవమనే మేమడుగుతున్నాం.