కోందే రాజకుమారులు: సింహాసనము చెంత మూడు శతాబ్దులు

ఫ్రాన్సు నేలిన బూర్బన్ రాజవంశమునకు శాఖలు పెక్కు గలవు. వానిలో కోందే శాఖవలె సింహాసనమునకు అంత చేరువగా నిలిచి, దాని నొక్కనాడైనను అధిష్ఠింపక, ఆ సామీప్యముచేతనే వైభవమును విపత్తును సమానముగా అనుభవించిన శాఖ మఱియొకటి లేదనవచ్చును.

ఈ శాఖకు మూలపురుషుడు వెందోమ్ ప్రభువు చిన్నకుమారుడగు మొదటి లూయీ (1530–1569). ఆతని అన్న ఆంత్వాన్ వివాహమూలమున నవార్ రాజ్యమును పొందగా, ఆ అన్న కుమారుడే 1589లో నాల్గవ హెన్రీయై ఫ్రాన్సు సింహాసనమెక్కెను. పినతండ్రియగు లూయీ మాత్రము ప్రొటెస్టంటు మతము నవలంబించి, 1562లో మొదలైన మతయుద్ధములలో హ్యూగెనాట్లకు నాయకుడై, జార్నాక్ రణరంగమున లొంగిపోయిన పిదప చంపబడెను. ఆతని మనుమడు తండ్రి మరణానంతరము జన్మించి, రాజాజ్ఞచే కాథలికుడుగా పెంపబడి, 1601లో రాజునకు పుత్రుడు కలుగువఱకు సింహాసనమునకు వారసుడుగా గణింపబడెను. అట్లు తిరుగుబాటునకు తొలికారణమైన మతభేదము రెండు తరములలో సమసిపోయెను గాని, రాజరక్తాభిమానము మాత్రము సమసిపోలేదు.

ఆ అభిమానము మహా కోందేగా ప్రసిద్ధుడైన రెండవ లూయీ (1621–1686)యందు పరాకాష్ఠ నందెను. పదమూడవ లూయీ గతించిన అయిదవ దినమున, 1643 మే 19న, ఇరువదియొక్కయేండ్ల ఈ యువకుడు రోక్రువా వద్ద స్పెయిన్ సేనను భగ్నముచేసి, నాలుగేండ్ల బాలరాజు రాజ్యమును కాపాడెను. కాని తన సేవకు తగిన అధికారము మంత్రి మజరిన్ తన కీయలేదని తలచి ఫ్రాండ్ అను రాజవిరోధ కలహములలో చొచ్చి, 1650లో చెఱపడి, విడుదలైన పిదప తాను జయించిన స్పెయిన్ పక్షముననే చేరి స్వదేశముపై కత్తి దూసెను. 1659 నాటి పిరెనీస్ సంధివలన క్షమింపబడి మరలివచ్చి, షాంతియీ ప్రాసాదమున ఉద్యానములను తీర్చుచు, నిషిద్ధమైన 'తార్తుఫ్' నాటకకర్త మోలియేర్‌కు ప్రాపై నిలిచెను.

పదునాల్గవ లూయీ ప్రభువుల నెల్లరను తన కొలువునకు ఆకర్షించినపిమ్మట, ఈ వంశీయుల శౌర్యము వేటలకును కట్టడములకును మళ్ళెను. 1723 నుండి 1726 వఱకు ప్రధానమంత్రియైన లూయీ హెన్రీ షాంతియీలో 240 గుఱ్ఱములకు రాజప్రాసాదమును బోలిన అశ్వశాలను నిర్మించెను.

విప్లవము రాగానే, 1789 జూలైలో, లూయీ హెన్రీ కుమారుడగు లూయీ జోసెఫ్ దేశము విడిచి, ప్రవాసులతో సేనను కూర్చి రాజపక్షమున పోరాడెను. పూర్వు లెదిరించిన సింహాసనమునకై ఆతడు సర్వమును ఒడ్డెను. ఆతని మనుమడగు ఆంగియెన్ ప్రభువును నెపోలియన్ పొరుగుదేశమునుండి పట్టి తెప్పించి, 1804 మార్చి 21న వాన్సెన్ కోట కందకమున కాల్పించెను. పుత్రశోకముతో మిగిలిన తండ్రి 1830 ఆగస్టులో సాన్-లూ సౌధమున ఉరికి వ్రేలాడుచు కనబడుటతో వంశము నిశ్శేషమయ్యెను.

ఆతని వారసుడైన ఓమాల్ ప్రభువు షాంతియీని అపూర్వ చిత్రములతోను, వ్రాతప్రతులతోను నింపి, 1886లో ఫ్రాన్సు విద్వత్పరిషత్తునకు దానమిచ్చెను. 1898లో అది ప్రజలకు తెఱవబడెను. పారిస్‌లో ఈ వంశీయులదైన బూర్బన్ ప్రాసాదమున నేడు ప్రజాప్రతినిధులసభ సమావేశమగుచున్నది. కోందేలు ఖడ్గముతో గడించిన అధికారము ప్రతి తరమునను రాజు దయకో, కోపమునకో లోబడి చలించెను. వారి సౌధములును గ్రంథములును జాతిపరమైన పిదపనే వారి కీర్తికి స్థిరత్వము కలిగినది.